జపమాలతో కొలిచిన దేశము

గోడకు దేశపటము తగిలించిన దినమున పిల్లలు మొట్టమొదట వెదకునది రాజధానిని గాదు, తమ యూరిని. అది కానరాకున్నచో ఏటిని బట్టియో రైలుదారిని బట్టియో “ఇచ్చట నుండవలె” నని వ్రేలు మోపుదురు. ఈ వేడుక పెద్దలకును గలదు. కాని ఆ గీతల నెవ్వరు గీసిరి, ఎట్లు కొలిచిరి యని యడుగువారు మిక్కిలి యరుదు. అట్లడిగినవారికి మేము నయిన్‌సింగ్ రావత్ కథ చెప్పుచుందుము.

ఈతడు కుమావూను కొండలలోని మిలాం గ్రామమువాడు. బడిపంతులు, అందుచేతనే సర్వేశాఖవారు ‘పండితు’డని వ్యవహరించిరి. ఆ కాలమున టిబెట్టులో తెల్లవారికి ప్రవేశము లేదు. కావున వారి పటములలో హిమాలయమున కావలి భాగము చాలవరకు తెల్లకాగితమే. మాంట్‌గోమరీ యను నధికారి కొండవారినే పంపనెంచి, 1863లో ఈతనికి డెహరాడూనున శిక్షణ మిప్పించెను. మిట్టయైనను పల్లమైనను అడుగు సమానముగా పడవలెను. జపమాలలో నూట యెనిమిదికి మారుగా నూరే పూసలు. నూరడుగుల కొక పూస జరిపినచో, మాల తిరుగునప్పటికి పదివేల యడుగులు, అనగా సుమారైదు మైళ్లు. ప్రార్థనచక్రములో మంత్రపత్రమునకు బదులు లెక్కల కాగితములు. నీరు మరుగు వేడిమిని బట్టి స్థలముల యెత్తును గ్రహించెడివాడు.

1865లో నేపాళముమీదుగా సాగి, 1866 జనవరిలో లాసా చేరెను. చేత పైకము లేక, అచ్చటి నేపాళవర్తకులకు లెక్కలు నేర్పి పొట్ట పోసికొనెను. ఆతడడుగులతో కొలిచిన దారి సుమారు 1200 మైళ్లు. లాసా యెచ్చట, ఎంత యెత్తున నున్నదో పటకర్తలకు సరిగా తెలిసినది ఆ యడుగులవలననే. 1877లో లండను నగరపు రాచభూగోళసంఘము ఆతనికి బంగారుపతక మిచ్చెను.

ఇంతటితో పొగడి ముగించుటకు మాకు మనసొప్పదు. జపమునకు బుట్టిన మాల వేగు పనికి వచ్చినది. ఆదరించినవారికి ఆతడు తన పని చెప్పుకొనజాలక పోయెను. 1904లో ఆంగ్లసేన లాసాలో ప్రవేశించెను. పటము జ్ఞానమే, కాని యెవరి చేత నున్న వారి పని చేయును. అట్లని అజ్ఞానమే మేలనము. తమ నేలను తాము కొలుచుకొననిచో పరులు వచ్చి కొలుతురు.

మన బడులలో భూగోళమనగా నేటికిని నదుల పేరులు, రాజధానుల పేరులు వల్లించుటయే. ఉపాధ్యాయులారా! పిల్లలను బడినుండి చెరువుగట్టువఱకు అడుగులు లెక్కించుచు నడిపింపుడు. ఊరిపటమును వారిచేతనే గీయింపుడు. అందు ఊరిచివరి వాడను, అచ్చటి బావిని విడువనీయకుడు. పిమ్మట గోడమీది పటమున వ్రేలు మోపునప్పుడు, ఆ గీతల వెనుక నడచిన కాళ్లున్నవని వారికి తెలియును.