ఉద్దెర ఖాతాలో పరిశోధన

బోధన్ పక్కనున్న శక్కర్‌నగర్‌కు ఆ పేరు చక్కెర వల్లే వచ్చింది. మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయ్యాక కాలువల కింద చెరుకు పరుచుకుంది. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఏర్పడింది. ఒకప్పుడు ఆసియాలోని పెద్ద చక్కెర కర్మాగారాల్లో ఒకటిగా దానికి పేరుండేది.

ఆ సీమలో డబ్బు రెండు దారుల్లో వచ్చేది. కార్మికుడికి నెల జీతం, రైతుకు చెరుకు బిల్లు. చెరుకు నాటిన పది పన్నెండు నెలలకు గానీ కోతకు రాదు. అన్నాళ్లూ బియ్యం, నూనె, బడి ఫీజు ఆగవు కదా! కిరాణా కొట్టులో ఉద్దెర ఖాతా తెరుచుకునేది. ఏ ఇంట్లోనైనా అడిగే మొదటి మాట ఒకటే: బిల్లు ఎప్పుడు పడుతుంది?

దీనికి చట్టంలో జవాబుంది. 1966 నాటి చెరుకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం రైతు చెరుకు అప్పగించిన 14 రోజుల్లో ఫ్యాక్టరీ సొమ్ము చెల్లించాలి. గడువు దాటితే ఏడాదికి 15 శాతం వడ్డీ కట్టాలి. అమలులో ఎన్ని లోపాలున్నా, నిలదీసి అడగడానికి రైతు చేతిలో ఒక అంకె ఉంది.

ఇదే నిజామాబాద్ జిల్లాలో మరో రకం నెల రాబడి, పరిశోధకుల ఫెలోషిప్, తర్వాత వచ్చింది. డాక్టరేట్ చేయాలంటే ఇక్కడి పిల్లలు చాలాకాలం ఉస్మానియాకు వెళ్లేవారు. 2006లో తెలంగాణ విశ్వవిద్యాలయం నిజామాబాద్‌లోని గిర్రాజ్ కళాశాలలో మొదలై, ఆ తర్వాత డిచ్‌పల్లి ప్రాంగణానికి మారింది. పరిశోధన ఇంటికి దగ్గరైంది. ఖర్చు లెక్క మాత్రం ఇంటి నుంచి వేరుపడింది.

విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం (యూజీసీ) 1984లో జాతీయ అర్హత పరీక్ష (నెట్) ద్వారా జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ ఇవ్వడం మొదలుపెట్టింది. 2010లో దాని మొత్తం నెలకు 16,000 రూపాయలు. 2014 డిసెంబరులో అది 25,000 అయి, పూర్తిగా నాలుగేళ్లు అక్కడే నిలిచిపోయింది. ధరలు మాత్రం నిలవలేదు. దేశమంతటా పరిశోధక విద్యార్థులు రోడ్డెక్కాక, 2019 జనవరి నుంచి 31,000 చేశారు. 2023 జనవరి నుంచి అది 37,000. రెండేళ్ల తర్వాత సీనియర్ ఫెలో అయితే 42,000.

ఈ సొమ్ముతో బతుకు లెక్క గది దగ్గర మొదలవుతుంది. హాస్టల్‌లో ఉంటే ఇంటి అద్దె భత్యం రాదు. బయట గది తీసుకుంటే భత్యం వస్తుంది, కానీ కిరాయితోపాటు వంట సరుకులు, కరెంటు బిల్లు, రోజూ బస్సు ఖర్చు మీద పడతాయి. మానవీయ శాస్త్రాల స్కాలర్‌కు కంటింజెన్సీ కింద మొదటి రెండేళ్లు ఏడాదికి 10,000 రూపాయలు. నెలకు 833. బోధన్ రైతుల మీద పరిశోధన చేసేవారు పుస్తకాలు, జిరాక్సులు, ఊళ్ల తిరుగుడు అన్నీ అందులోనే సర్దుకోవాలి. మిగిలిందాంట్లోంచి ఇంటికి పంపేవాళ్లూ ఉంటారు.

నెల నెలా పడితే ఈ లెక్క ఎలాగో కుదురుతుంది. విశ్వవిద్యాలయం ప్రతి నెలా ధ్రువీకరణ పంపితేనే ఫెలోషిప్ కదులుతుంది. ఒక మెట్టు దగ్గర కాగితం ఆగితే మెస్ బిల్లు స్నేహితుడి జేబు మీద పడుతుంది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల ఆత్మహత్యకు ముందు 2016 జనవరి 17న రాసిన చివరి ఉత్తరంలో కూడా ఈ లెక్క ఉంది. తనకు ఏడు నెలల ఫెలోషిప్, అంటే 1,75,000 రూపాయలు రావాలనీ, దాన్ని తన కుటుంబానికి చేర్చాలనీ ఆయన కోరాడు. తీర్చాల్సిన ఒక అప్పునూ అందులో గుర్తుచేశాడు.

అసలు ఫెలోషిప్పే లేనివారి సంగతి మరీ కష్టం. నెట్ లేని పిహెచ్‌డి విద్యార్థులకు యూజీసీ ఇచ్చే నెలకు 8,000 రూపాయలు కేంద్రీయ విశ్వవిద్యాలయాలకే పరిమితం. డిచ్‌పల్లి లాంటి రాష్ట్ర ప్రాంగణాలకు అది లేదు. మైనారిటీ విద్యార్థుల కోసం 2009లో మొదలైన మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను 2022లో ఆపేశారు. ముస్లిం కుటుంబాలు ఎక్కువగా ఉన్న నిజామాబాద్, బోధన్‌లలో ఒక తలుపు అలా మూసుకుంది.

వెనకనున్న ఇంటి ఆసరా కూడా ఈలోపు సన్నగిల్లింది. 2002లో ప్రైవేటు చేతుల్లోకి వెళ్లిన నిజాం షుగర్స్ 2015 డిసెంబరులో మూతపడింది. కార్మికులు జీతాల బకాయిల కోసం ఆందోళనలు చేశారు. చెరుకు వేసిన చేలల్లో చాలావరకు వరి వచ్చింది. బిడ్డ ఫెలోషిప్ ఆలస్యమైతే చెరుకు బిల్లు మీద నాలుగు నెలలు నెట్టుకొచ్చే వీలు ఆ ఇళ్లలో పోయింది.

చెరుకు రైతుకు 1966లో ఇచ్చిన హామీ పరిశోధకుడికీ దక్కాలి. నెల పని ముగిశాక 14 రోజుల గడువు, అది దాటితే 15 శాతం వడ్డీ. 37,000 రూపాయలు ఒక నెల ఆలస్యమైతే ఆ లెక్కన వచ్చే వడ్డీ దాదాపు 462 రూపాయలు. ప్రభుత్వ ఖాతాలో అది కనబడని మొత్తం. డిచ్‌పల్లి కిరాణా కొట్టులో మాత్రం దానికి బియ్యం, పప్పు వస్తాయి.