బొమ్మను మోసిన చేతులు

2022 మార్చి 7, సోమవారం మధ్యాహ్నం. రామగుండం దగ్గరి అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో రూఫ్ కూలింది. సింగరేణిలో ఆధునిక యంత్రాలకు పెట్టింది పేరు ఆ గని. ఆ పూట లోపల చిక్కుకున్నవాళ్లలో కార్మికులే కాదు, అధికారులూ ఉన్నారు. వారిలో ఒకరు ఏరియా సేఫ్టీ ఆఫీసర్. గనిలో ఎవరికీ ఏమీ కాకుండా చూడటమే ఆయన కొలువు.

కబురు బాయి మీదికి వచ్చాక ఏం జరుగుతుందో బొగ్గుబెల్టులో చిన్నపిల్లలకూ తెలుసు. ఫోన్లు మోగుతాయి. గేటు ముందు జనం చేరతారు. మావాడికి ఇవాళ మస్టరు పడిందా, ఏ పాళిలో దిగాడు అని ఇంటివాళ్లు కనిపించినవాళ్లనల్లా అడుగుతారు. ఆ జనం పక్కకు జరిగి దారి ఇచ్చేది ఒక్క రెస్క్యూ బండికే.

ఆ బండిలోంచి దిగేవాళ్లు ఎక్కడి నుంచో వచ్చిన కమాండోలు కారు. నిన్నటిదాకా పక్క బాయిలో బొగ్గు తీసినవాళ్లే. ఒకరు కోల్ కట్టర్, ఒకరు సర్దార్, ఒకరు ఓవర్‌మెన్. రెస్క్యూ శిక్షణకు ముందుకొచ్చి, అందులో నెగ్గి, తిరిగి తమ షిఫ్టులకు పోయినవాళ్లు. గోదావరికి అవతల మందమర్రిలో రెస్క్యూ స్టేషన్ ఉంది. కళ్యాణిఖని, కాసిపేట, శాంతిఖని గనుల మధ్య పెరిగిన ఊరు కదా, అక్కడ క్రికెట్ కప్పులకూ కబడ్డీ షీల్డులకూ కొదవ లేదు. కానీ గెలవడానికి ఊపిరి లెక్కపెట్టుకోవాల్సిన పోటీ మాత్రం రెస్క్యూ పోటీ ఒక్కటే.

దాన్ని దగ్గరి నుంచి చూడాలి. పొగ నింపిన గ్యాలరీ. వీపు మీద పదిహేను కిలోల బీజీ-4. విడిచిన ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువును గుళికలతో పీల్చేసి, ఆక్సిజన్ కలిపి, మళ్లీ అదే మనిషికి అందించే యంత్రమది. నాలుగు గంటలు ఆగకుండా పనిచేస్తుంది. తిరిగి తిరిగి వచ్చే గాలి వేడెక్కుతుంది కాబట్టి లోపల ఐసు పెడతారు. కెప్టెన్ మధ్యమధ్యలో ఆగి ఒక్కొక్కరి గేజీ చూస్తాడు. అందరికన్నా తక్కువ ఆక్సిజన్ ఎవరి దగ్గరుందో వాడి లెక్కే జట్టంతటికీ లెక్క. వాడి కోసం అందరూ వెనక్కి తిరగాల్సిందే. పరుగుపందెంలో వెనకబడ్డవాణ్ని వదిలి ఉరుకుతారు, ఇక్కడ వాణ్ని బట్టే జట్టు నడుస్తుంది. చివర్లో స్ట్రెచర్ మీద మనిషంత బొమ్మ. కట్టు వదులైనా, మెడ వేలాడినా, పక్కన నిలబడ్డ జడ్జి పెన్సిల్ కదులుతుంది, మార్కులు తెగుతాయి. అఖిల భారత పోటీల్లో కోల్ ఇండియా కంపెనీలతో, టాటా స్టీల్, హిందుస్తాన్ జింక్‌లతో సింగరేణి జట్లు తలపడేది ఈ బొమ్మ కోసమే.

విజయచిహ్నాలు మొదట పుట్టింది ఇలా మనిషిని కాపాడినందుకు కాదు. ప్రాచీన గ్రీకులు శత్రువు వెన్ను చూపిన చోటనే ఒక మొద్దు పాతి, చచ్చినవాళ్ల కవచాలూ శిరస్త్రాణాలూ దానికి తగిలించేవారు. మన కృష్ణదేవరాయలు కళింగం మీదికి పోయి పొట్నూరులో జయస్తంభం నాటించాడు. ఎవరో ఒకరు ఓడితే తప్ప అలాంటి గుర్తు నిలవదు. అదే రాయలు అల్లసాని పెద్దన కాలికి గండపెండేరం తొడిగాడంటారు. నా మటుకు ఆ జయస్తంభం కన్నా ఈ పెండేరమే మిన్న.

గని రెస్క్యూ పోటీలకు మూలం కూడా చావులే, అయితే సొంత మనుషుల చావులు. 1906 మార్చిలో ఫ్రాన్సులోని కూరియేర్ గని పేలి 1,099 మంది పోయారు. సాయానికి జర్మనీ నుంచి శ్వాస పరికరాలతో గనివాళ్లు సరిహద్దు దాటి వచ్చారు. ఇరవై రోజుల తర్వాత పదముగ్గురు ప్రాణాలతో బయటికి నడిచొచ్చారు. మరుసటి ఏడు అమెరికాలో మోనోంగా గనిలో 362 మంది. ఆ తర్వాతే 1911 అక్టోబరు 30, 31 తేదీల్లో పిట్స్‌బర్గ్‌లో రెస్క్యూ జట్లను జనం ముందుకు తెచ్చి ప్రదర్శన పెట్టారు. చూడవచ్చినవాళ్లలో దేశాధ్యక్షుడు టాఫ్ట్ కూడా ఉన్నాడు.

మళ్లీ అడ్రియాల. అక్కడ ఎదురు నిలిచింది పొగ కాదు, రాయి. కూలిన చోట ఇంకా కూలే రూఫ్ ఉంటుంది. ముందు దానికి దన్ను పెట్టాలి, తర్వాతే రాయి మీద చెయ్యి వేయాలి. అదురు పుట్టించే యంత్రం తెస్తే పైనున్నది మీద పడవచ్చు, తేకపోతే కింద ఉన్నవాడికి ఆలస్యం. ఏ పోటీలోనూ ఈ చిక్కు పెట్టరు, పెట్టలేరు. మధ్యమధ్యలో పని ఆపి, పేరు పెట్టి పిలిచి, చెవి ఒగ్గి వినాలి. కొందరు మొదటి రోజే బయటపడ్డారు. మంగళవారం నాడు ఒక బదిలీ కార్మికుడిని సజీవంగా తీశారు. రాతి కింద ఒక రాత్రి గడిపి వచ్చిన మనిషి! ముగ్గురు మాత్రం ప్రాణాలతో రాలేదు: ఆ సేఫ్టీ ఆఫీసర్, ఒక డిప్యూటీ మేనేజర్, ఒక కాంట్రాక్టు కార్మికుడు.

ఏటేటా రక్షణ పక్షోత్సవాలు జరుగుతాయి. తనిఖీ బృందాలు బాయి బాయికీ దిగి మార్కులు వేస్తాయి, వేదిక మీద షీల్డులు ఇస్తారు. ఇవ్వాల్సిందే. అయితే అడ్రియాల లాంటి ఘటన తర్వాత ఆ షీల్డు పట్టుకుని ఫొటో దిగడం ఎవరికైనా కాస్త ఇబ్బందే.

2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట వైపు శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగం కూలి ఎనిమిది మంది చిక్కుకుంటే సింగరేణి రెస్క్యూ జట్లూ వెళ్లాయి. అది బొగ్గు గని కాదు, దాదాపు 14 కిలోమీటర్ల లోపల బురద, నీరు, విరిగిన యంత్రం. సైన్యంతో, ఎన్‌డీఆర్‌ఎఫ్‌తో కలిసి రోజుల తరబడి తవ్వారు. మార్చి 9న ఒకరి, 25న మరొకరి మృతదేహం దొరికాయి. మిగతా ఆరుగురు దొరకలేదు.

అక్కడి నుంచి తిరిగొచ్చిన రెస్క్యూవాళ్లు మళ్లీ తమ బాయిల్లో షిఫ్టులకు దిగారు. రెస్క్యూ మనిషన్నాక స్టేషన్‌లో ప్రాక్టీసు తప్పదు. మాస్కు, సిలిండర్, పొగ, అదే బొమ్మ. డాక్టరు గుండె చూస్తాడు, ఊపిరితిత్తులు చూస్తాడు, చూపు చూస్తాడు. పరీక్షలో తప్పితే ఎన్ని షీల్డులు గెలిచినవాడైనా పేరు కొట్టేసి, ఆ చోటు ఇంకొకరికి ఇస్తారు.