మన్యపు కథలో దుష్టుడెవడు?

మన మనుమలు వీడియో ఆటలలో రాక్షసునితో పోరుచు, “వీడు చెడ్డవాడెట్లయ్యెను?” అని యడుగుచుందురు. విశాఖ మన్యపు కథనుగూర్చియు నదే ప్రశ్న యడుగదగును.

1922వ సంవత్సరము ఆగష్టు 22న చింతపల్లి ఠాణాపై బడిన అల్లూరి సీతారామరాజుగారి కథకు, 1974 నాటి చలనచిత్రము రూథర్‌ఫర్డును ప్రతినాయకునిగా నిలిపినది. జగ్గయ్యగారు ధరించిన యా పాత్ర వట్టి క్రూరుడు కాడు. తన ప్రభుత్వమునకు విధి నెరవేర్చుచున్నానని నమ్మినవాడు. కల్పన గంభీరమే. కాని రూథర్‌ఫర్డు అధికారము వహించి మన్యమునకు వచ్చినది 1924లో. కొండవారి కడుపు మండించినవాడు అంతకు మునుపటివాడు, గూడెము డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్. నర్సీపట్నము నుండి లంబసింగికి బాట వేయించుచు, కూలి సరిగా నీయక, నిర్బంధముగా పని చేయించెను. ఇట్టి చిన్న యధికారికి నాటకములో కిరీట మెవరు పెట్టుదురు?

ధర్మసంకటము మాత్రము రాజుగారిదే. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో, ముందు నడచిన భారతీయ సిపాయిలను పోనిచ్చి, వెనుక వచ్చిన తెల్లదొరలు స్కాట్ కవర్డును, హైటరును గూల్పించెను. నేడు విడిచిన తుపాకి రేపు కొండవానిపైనే ప్రేలవచ్చునని యాయన యెరుగనివాడు కాడు. ఎరిగియే విడిచెనని నా తలంపు.