‘ఈ ఇల్లు అమ్మబడును’: ఒక కాటేజీ చరిత్ర

ఇంగ్లీషు కవిత్వంలో ‘కాటేజీ’ అనే మాట వచ్చినప్పుడల్లా మనవాళ్లు దాన్ని ‘కుటీరం’గా అనువదిస్తూ వచ్చారు. కుటీరం అనగానే మనకు పర్ణశాల, ముని, లేడిపిల్ల గుర్తుకొస్తాయి. అందులో వుండిన కూలివాడు మాత్రం కనిపించడు. నా దృష్టిలో ఇది మాటకు సంబంధించిన లోపమే కాదు, చరిత్రను చూడడంలో వున్న లోపం కూడా.

1086 నాటి డూమ్స్‌డే సర్వేలో ‘కాటర్లు’ అనే వర్గం కనిపిస్తుంది. కాస్తంత భూమి వుండీ లేక, ప్రభువు పొలంలో చాకిరీ చేసి బతికినవాళ్లు వీళ్లు. వీళ్ల కొంపే కాటేజీ. కొత్తగా కాటేజీ కట్టేవాడు దానికి నాలుగెకరాల భూమి జతచెయ్యాలని 1589లో ఎలిజబెత్ రాణి కాలంలో చట్టం వచ్చింది. ఇది పేదల మీద ప్రేమతో పుట్టిన చట్టం కాదు. భూమిలేని పేదలు పెరిగితే వాళ్లను పోషించే భారం తమ మీద పడుతుందన్న భయం దాని వెనుక వుంది. 1775లో ఆ చట్టాన్ని రద్దు చేశారు. అదే యుగంలో పార్లమెంటు చట్టాల అండతో ఊరుమ్మడి భూములకు కంచెలు లేచాయి. కూలివాడికి కప్పు మిగిలింది, కాలికింద నేల పోయింది. గోల్డ్‌స్మిత్ ‘ది డిజర్టెడ్ విలేజ్’ 1770లో వెలువడిందన్న సంగతి సాహిత్య విద్యార్థులు దీనితో కలిపి చూడాలి.

పోయిన నేలను తిరిగి పొందడానికి కార్మికవర్గం చేసిన ఒక ప్రయత్నం మన పాఠ్యగ్రంథాల్లో అరుదుగా కనిపిస్తుంది. చార్టిస్టు నాయకుడు ఫియర్గస్ ఓకానర్ 1845లో భూమి పథకాన్ని సంఘంగా నిలబెట్టాడు. మిల్లు కార్మికులు పెన్నీ పెన్నీ కూడబెట్టి వాటాలు కొన్నారు. చీటీలో పేరు వచ్చినవాడికి రెండు, మూడు లేదా నాలుగు ఎకరాలు, ఒక కాటేజీ. సుమారు 70,000 మంది చేరారు. మొదటి వసతి 1847 మే 1న హెరన్స్‌గేట్‌లో ప్రారంభమైంది. మొత్తం ఐదుచోట్ల కలిపి ఇల్లూ పొలమూ దక్కింది సుమారు 250 మందికి. 1848లో పార్లమెంటు కమిటీ విచారణ జరిపింది. 1851లో చట్టం చేసి కంపెనీని మూసివేశారు.

ఆ ఐదింటిలో చివరిది గ్రేట్ డాడ్‌ఫర్డ్. ఉస్టర్‌షైర్‌లో బ్రామ్స్‌గ్రోవ్ అనే చిన్న పట్టణం పక్కన వుంది. అక్కడి ఒక కాటేజీ ఇప్పుడు నేషనల్ ట్రస్టు సంరక్షణలో వుంది. చార్టిస్టు వసతుల్లో మిగిలిన ఇళ్లు చాలావరకు సొంతదార్ల చేతుల్లో వున్నాయి, అప్పుడప్పుడు అమ్మకానికి వస్తుంటాయి. అలాంటి ప్రకటనల్లో ‘చార్టిస్టు కాటేజీ’ అనేది ధర పెంచే విశేషణం. ఓటు హక్కు కోసం జైళ్లకు వెళ్లినవాళ్ల పేరు తోటతోపాటు, పొగగొట్టంతోపాటు ఇంటి అందాల జాబితాలోకి చేరిపోయింది. ఏ వర్గం కోసం ఆ ఇల్లు కట్టారో ఆ వర్గానికి ఇవాళ దాన్ని కొనే స్తోమత లేదు.

ఐతే దీన్ని పార్లమెంటు కుట్రగా మాత్రమే చూస్తే సరిపోదు. ఈ పథకం నడుస్తున్న రోజుల్లోనే బ్రాంటెర్ ఓబ్రియన్ అనే మరో చార్టిస్టు దీన్ని విమర్శించాడు. కార్మికుణ్ణి చిన్న భూయజమానిగా మార్చడం భూస్వామ్యాన్ని కూలదోయదని, దాని పునాదిని మరింత వెడల్పు చేస్తుందని అతని వాదన. భూమి అమ్ముడుపోయే సరుకుగా వున్నంతకాలం పంచిన భూమి కూడా చివరకు అంగట్లోకే చేరుతుంది. ఆ కాటేజీల తర్వాతి చరిత్ర ఓబ్రియన్ వైపే సాక్ష్యం చెబుతోంది. అంతమాత్రాన ఆ డెబ్భైవేలమంది ఆశను వెర్రి అనడానికి నాకు మనసొప్పదు. మిల్లు పొగలో బతికేవాడు రెండెకరాల నేల కోరుకోవడంలో తప్పులేదు. ఆ కోరికను నిలబెట్టగల రాజ్యాధికారం వాడి చేతిలో లేకపోయింది.

రచయితలకు ఇందులో ఒక పాఠం వుంది. ఇంటి మీది పూతీగెను వర్ణించడం తేలిక. ఆ ఇల్లు ఎవరు కట్టారు, ఎవరు ఖాళీ చేశారు, ఎవరు అమ్ముతున్నారు అని అడగడం కష్టం. ‘కుటీరం’ అని రాసేముందు ఈ మూడు ప్రశ్నలూ అడిగితే, ఆ మాట బదులు ‘కూలివాడి కొంప’ అని రాయవలసిన చోటు ఏదో మనకే తెలుస్తుంది.