గుర్రానికి వంశవృక్షం ఉంది, సయీసుకి పేరే లేదు

మలక్‌పేట గుర్రప్పందేలు హైదరాబాద్ వారసత్వం అంటున్నారు. సరే. మౌలాలిలో జరిగే పందేలను ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ 1886లో మలక్‌పేటకు తెచ్చాడు. గుర్రాల మీద పందెం జూదం కాదు, నైపుణ్యం అని 1996లో మద్రాసు రేస్ క్లబ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. (మా వాడలో మూడుముక్కలాట ఆడితే మాత్రం లాఠీలు దిగుతాయి.)

ఒకసారి రేసుబుక్కు తెరవండి. ప్రతి గుర్రానికీ తండ్రి పేరు, తల్లి పేరు. యజమాని, ట్రైనర్, జాకీ. థరోబ్రెడ్ అంటేనే పుట్టుక. ఏ థరోబ్రెడ్ తండ్రివైపు వంశం తవ్వినా ఇంగ్లండ్ చేరిన మూడంటే మూడు గుర్రాల దగ్గర తేలుతుంది. ఇదంతా ఇంగ్లీషువాడి పిచ్చి అనుకోకండి. అంతకు ఎంతో ముందే మన అశ్వశాస్త్రాలు గుర్రాలను బ్రాహ్మణ, క్షత్రియ, వైశ్య, శూద్ర జాతులుగా విడగొట్టాయి. సాహిత్యం పాఠం చెప్పేవాణ్ణి, అది చదివినప్పుడు నవ్వొచ్చింది, తర్వాత రాలేదు. పశువునూ వదల్లేదు!

ఇక మనుషుల సంగతి. 2018లో ఉత్తరప్రదేశ్ కాస్‌గంజ్ జిల్లాలో ఒక దళిత పెళ్లికొడుకు గుర్రపు బగ్గీలో ఊరేగాలంటే పోలీసు బందోబస్తు కావలసి వచ్చింది. గుర్రమెక్కే హక్కు కూడా పుట్టుకను బట్టే.

మరి తెల్లారకముందే లద్ది ఎత్తి, దాణా పెట్టి, మాలీషు చేసి, పందెం రోజు కళ్లెం పట్టి నడిపించే సయీసు? రేసుబుక్కులో అతనికి ఒక్క గడి లేదు. వారసత్వం అనేవాళ్లు గుర్రపుశాలల పాత జీతాల పుస్తకాలు ముందు బయటపెట్టాలి. వచ్చే భాగం సయీసుల గురించే.