రహస్య దినచర్య: తాళంచెవి ఎక్కడ?

కమాండ్ లైన్‌లో దినచర్య రాసే సాధనాలు కొన్ని మీ రాతను ఎన్‌క్రిప్షన్‌తో దాస్తాయి. అయితే దాచడం వేరు, భద్రత వేరు. ఈ తేడాను చరిత్ర నుంచి గ్రహించండి.

ఇంగ్లండ్ నౌకాదళ అధికారి శామ్యూల్ పీప్స్ 1660 నుంచి 1669 వరకు తన దినచర్యను థామస్ షెల్టన్ సంక్షిప్తలిపిలో రాశాడు. ఆయన గ్రంథాలయం 1724లో కేంబ్రిడ్జిలోని ఒక కళాశాలకు చేరింది. 1819లో జాన్ స్మిత్ అనే విద్యార్థి ఆ దినచర్యను విప్పడానికి పూనుకొని, సుమారు మూడేళ్లు శ్రమించాడు. ఆ లిపిని వివరించే షెల్టన్ పుస్తకం అదే గ్రంథాలయంలో ఉందని ఆయనకు తెలియదు!

పద్ధతి శత్రువుకు తెలిసినా నష్టం ఉండకూడదని, తాళంచెవి ఒక్కటే రహస్యంగా ఉండాలని 1883లో ఆగస్ట్ కెర్ఖాఫ్స్ సూత్రీకరించాడు. నేటి ఎన్‌క్రిప్షన్‌కు ఇదే పునాది.

కాబట్టి సాధనం వివరణపత్రంలో రెండు హెచ్చరికలు తప్పక ఉండాలి. కమాండ్‌తోపాటు టైపు చేసిన వాక్యం షెల్ హిస్టరీ ఫైలులో మామూలు అక్షరాల్లోనే మిగిలిపోవచ్చు. బలమైన పాస్‌వర్డ్ పెట్టి మరచిపోతే మాత్రం జాన్ స్మిత్ ఓపిక కూడా మీకు అక్కరకు రాదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: పీప్స్ దినచర్యకు నిజంగా భద్రత ఉందా? కారణాలతో చర్చించండి.