ప్రొఫెషనల్ పూల్: నైపుణ్యం, క్రీడాస్ఫూర్తి

ఆరు పాకెట్లున్న టేబుల్ మీద క్యూ కర్రతో తెల్ల బంతిని కొట్టి, దాని దెబ్బతో రంగు బంతులను పాకెట్లలో వేసే ఆట పూల్. బిలియర్డ్స్, స్నూకర్‌ల మాదిరే ఇదీ క్యూ క్రీడల్లో ఒకటి. అంతర్జాతీయ పోటీల్లో తొమ్మిది అడుగుల టేబుల్ వాడతారు. అందులో ఆడే భాగం 100 అంగుళాల పొడవు, 50 అంగుళాల వెడల్పు ఉంటుంది. బంతి వ్యాసం 57.15 మిల్లీమీటర్లు. నైన్‌బాల్, టెన్‌బాల్, ఎయిట్‌బాల్, స్ట్రెయిట్ పూల్ ఇందులో ప్రధాన రూపాలు.

పూల్‌లో ఇద్దరూ ఒకేసారి ఆడరు. ఒకరు టేబుల్ దగ్గర ఉన్నంతసేపూ రెండోవారు కుర్చీలో కూర్చుని చూడాల్సిందే. గురి తప్పని ఆటగాడు ప్రత్యర్థికి ఒక్క అవకాశమూ ఇవ్వకుండా ఆట ముగించవచ్చు. కాబట్టి టేబుల్ దగ్గర చూపే నైపుణ్యంతో సమానంగా కుర్చీలో చూపే ఓర్పుకూ ఇక్కడ విలువ ఉంది. ప్రొఫెషనల్ పూల్ చరిత్రలో ఈ రెండూ కలిసే పెరిగాయి. నైపుణ్యం ఒక మెట్టు ఎక్కిన ప్రతిసారీ నిజాయతీకి కొత్త పరీక్ష ఎదురైంది, దానికి తగ్గట్టు నియమాలూ మారాయి.

పుట్టుక, పరికరాలు

15వ శతాబ్దంలో ఉత్తర ఐరోపాలో పచ్చిక మీద ఆడే బంతాట ఇళ్లలోకి, బల్ల మీదికి చేరి బిలియర్డ్స్‌గా మారింది. టేబుల్ మీద పరిచే ఆకుపచ్చ గుడ్డ ఆ పచ్చికకు గుర్తుగా నిలిచిపోయింది. మొదట్లో వెడల్పాటి తల ఉన్న కర్రతో బంతిని నెట్టేవారు. బంతి అంచుకు ఆనుకుని ఆగినప్పుడు ఆ తలతో కొట్టడం కుదరక, కర్రను తిరగేసి సన్నని పిడితో కొట్టడం మొదలుపెట్టారు. క్యూ కర్రకు మూలం అదే.

ఆటను నైపుణ్యం వైపు మళ్లించిన మార్పు 19వ శతాబ్దం తొలి ఏళ్లలో వచ్చింది. ఫ్రాన్స్‌కు చెందిన సైనికాధికారి ఫ్రాన్స్వా మెంగో క్యూ కొనకు తోలు ముక్క అమర్చే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. తోలుకు సుద్ద రాస్తే పట్టు దొరుకుతుంది. అప్పుడు తెల్ల బంతిని నడిమధ్యనే కాక పైన, కింద, పక్కన కూడా జారిపోకుండా కొట్టవచ్చు. దాంతో బంతి వెనక్కి రావడం, ముందుకు సాగడం, టేబుల్ అంచు వెంట ఉండే కుషన్‌కు తగిలి దారి మార్చుకోవడం ఆటగాడి అదుపులోకి వచ్చాయి. ఇంగ్లండులో జాన్ థర్స్టన్ 1826లో పలకరాతి టేబుళ్లు, 1835లో రబ్బరు కుషన్లు తయారుచేశాడు. అదే 1835లో గణిత శాస్త్రవేత్త కొరియాలిస్ బిలియర్డ్ బంతుల గమనాన్ని లెక్కలతో వివరిస్తూ ఒక గ్రంథం ప్రచురించాడు.

అమెరికాలో తొలి పోటీలు

పూల్ వృత్తి క్రీడగా ఎదిగింది అమెరికాలో. ఐర్లండులో పుట్టి న్యూయార్క్‌లో స్థిరపడిన మైకేల్ ఫెలన్ 1850లో అక్కడ బిలియర్డ్స్ మీద పుస్తకం రాశాడు. 1859లో డెట్రాయిట్‌లో జాన్ సీరైటర్‌తో 15,000 డాలర్ల పందెం మీద నాలుగు బంతుల బిలియర్డ్స్ ఆడి గెలిచాడు. ఆ ఆట వార్త దేశమంతటా పత్రికల్లోకెక్కింది. ఆనాటి బంతులను ఏనుగు దంతంతో చేసేవారు. దంతం కొరత పెరిగి, దానికి ప్రత్యామ్నాయం కనిపెట్టిన వారికి 1860 దశకంలో 10,000 డాలర్ల బహుమతి ప్రకటించారు. జాన్ వెస్లీ హయత్ సెల్యులాయిడ్ వైపు వెళ్లడానికి అది ప్రేరణ అయింది.

1910 ప్రాంతంలో జెరోమ్ కియో స్ట్రెయిట్ పూల్‌కు రూపం ఇచ్చాడు. ఏ బంతి ఏ పాకెట్లో వేస్తాడో ఆటగాడు ముందే చెప్పాలి. ఒక్కో బంతికి ఒక్కో పాయింటు. టేబుల్ మీద ఒక్క రంగు బంతి మిగిలినప్పుడు తక్కిన 14 బంతులను మళ్లీ త్రికోణంగా పేరుస్తారు. ఆ చివరి బంతిని వేస్తూనే తెల్ల బంతితో గుంపును చెదరగొట్టి, ఆటను ఆగకుండా కొనసాగించాలి. ఈ ఆటలో బలం కన్నా ముందుచూపు గొప్పది. 1919 నుంచి రాల్ఫ్ గ్రీన్‌లీఫ్, ఆ తర్వాత విల్లీ మొస్కోనీ దీన్ని ఏలారు. ఫిలడెల్ఫియాకు చెందిన మొస్కోనీ 1941–1957 మధ్య 15 సార్లు ప్రపంచ టైటిల్ గెలిచాడు. 1954లో ఒహాయో రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జరిగిన ప్రదర్శన ఆటలో వరుసగా 526 బంతులు వేశాడు. ఆ రికార్డును దాటడానికి ఆరు దశాబ్దాలకు పైగా పట్టింది. 2019లో జాన్ ష్మిట్ 626 బంతులకు, 2022లో జేసన్ షా 714 బంతులకు చేరారు.

ఇలాంటి ఆటలో ఓడినవారి పాత్ర ఏమిటో 1966 అమెరికన్ ఓపెన్ ఫైనల్ చెబుతుంది. ఇర్వింగ్ క్రేన్ ఒక్క ఊపులో 150 బంతులు వేసి ఆట ముగించాడు. ప్రత్యర్థి జో బాల్సిస్ కూడా మేటి ఆటగాడే. అయినా క్రేన్ ఆ 150 బంతులూ పూర్తిచేసే దాకా కుర్చీలో కదలకుండా కూర్చోవడం తప్ప అతను చేయగలిగింది ఏమీ లేదు.

టేబుల్ దాకా రానివ్వకపోవడం

ఆనాటి ప్రొఫెషనల్ పూల్ అందరికీ సమాన అవకాశం ఇవ్వలేదు. నల్లజాతి ఆటగాళ్లను ప్రపంచ స్థాయి పోటీలకు పిలిచేవారు కాదు. బ్రూక్లిన్‌కు చెందిన సిసెరో మర్ఫీ ఎన్నో ఏళ్లు ఈ వివక్షను ఎదుర్కొన్నాడు. చివరికి 1965లో కాలిఫోర్నియాలోని బర్బాంక్ పోటీకి పిలుపు రాగా, ఆడిన తొలిసారే టైటిల్ గెలిచాడు. పూల్‌లో ప్రపంచ టైటిల్ గెలిచిన తొలి ఆఫ్రికన్ అమెరికన్ అతనే. క్రీడాస్ఫూర్తి ప్రత్యర్థికి టేబుల్ దగ్గర చోటివ్వడంతోనే మొదలవుతుందని మర్ఫీ విజయం పూల్ లోకానికి గట్టిగా గుర్తుచేసింది.

మహిళల పోటీలూ ఇదే కాలంలో బలపడ్డాయి. న్యూయార్క్ బాలిక జీన్ బలూకస్ 1972 నుంచి వరుసగా ఏడుసార్లు అమెరికన్ ఓపెన్ స్ట్రెయిట్ పూల్ గెలిచింది. 1976లో మహిళా ప్రొఫెషనల్ ఆటగాళ్ల సంఘం ఏర్పడింది. 1990 దశకంలో జానెట్ లీ, స్నూకర్ నుంచి వచ్చిన ఇంగ్లండు క్రీడాకారిణి ఆలిసన్ ఫిషర్‌ల పోటీ టీవీ ప్రేక్షకులకు పూల్‌ను దగ్గర చేసింది.

పందేల నీడ

పూల్ చరిత్రలో పందేల అధ్యాయాన్ని దాటవేయలేం. తన నిజమైన సత్తా దాచి, కావాలని ఓడి, పందెం పెంచి చివర్లో గెలిచేవారు ప్రతి పెద్ద ఊళ్లోనూ ఉండేవారు. 1961లో వచ్చిన ‘ది హస్లర్’ సినిమా ఆ లోకాన్ని తెరకెక్కించింది. దానికి సాంకేతిక సలహాదారు మొస్కోనీ. సినిమా ఆటకు కొత్త ఊపు తెచ్చింది. పూల్ ఆటగాడంటే మోసగాడనే ముద్రనూ బలపరిచింది. కోటు, టై వేసుకుని ఆడే మొస్కోనీకి ఆ ముద్ర అంటే గిట్టేది కాదు. ఆ సినిమాలోని మినెసోటా ఫ్యాట్స్ పాత్ర తనదేనని చెప్పుకున్న రుడాల్ఫ్ వాండరోన్‌తో 1978లో టీవీలో తలపడి మొస్కోనీయే గెలిచాడు.

ఇల్లినాయ్ రాష్ట్రంలోని జాన్‌స్టన్ సిటీలో 1961 నుంచి పందెగాళ్లే బహిరంగంగా పాల్గొన్న టోర్నమెంట్లు జరిగాయి. ఆ ఊళ్లో అసాధారణ ప్రతిభ బయటపడిన మాట నిజం. 1972లో ఫెడరల్ అధికారుల దాడితో ఆ టోర్నమెంట్లు ఆగిపోయాయి. సత్తా దాచుకోవడమే తెలివి అయిన చోట ఆట ప్రమాణం తెలియదు. అందరి ముందూ పూర్తి సత్తాతో ఆడే పద్ధతి స్థిరపడ్డాకే పూల్ వృత్తి క్రీడగా నిలదొక్కుకుంది.

నైన్‌బాల్, మారిన నియమాలు

1970ల నుంచి స్ట్రెయిట్ పూల్ స్థానాన్ని నైన్‌బాల్ ఆక్రమించింది. ఇందులో టేబుల్ మీదున్న వాటిలో అతి చిన్న అంకె బంతిని తెల్ల బంతి ముందుగా తాకాలి. తొమ్మిదో బంతిని నియమబద్ధంగా వేసినవారిది ఆ ర్యాక్, అంటే ఆ విడత ఆట. ఆట త్వరగా తేలుతుంది, అందుకే టీవీకి బాగా సరిపోయింది.

పాత నైన్‌బాల్‌లో చిక్కుబడిన ఆటగాడు ఎప్పుడైనా తెల్ల బంతిని వీలైన చోటికి నెట్టేసి తప్పించుకోవచ్చు. తర్వాత వచ్చిన నియమాలు ఆ వెసులుబాటును బ్రేక్ (పేర్చిన బంతులను చెదరగొట్టే తొలి దెబ్బ) తర్వాతి మొదటి దెబ్బకే పరిమితం చేశాయి. ఆపైన ఏ ఫౌల్ చేసినా ప్రత్యర్థి తెల్ల బంతిని చేత్తో తీసుకుని తనకిష్టమైన చోట పెట్టుకుని ఆడవచ్చు. ఈ ఒక్క మార్పుతో కావాలని ఫౌల్ చేసి లాభపడే ఎత్తుగడలు చాలావరకు పోయాయి. తెల్ల బంతిని వేరే బంతుల చాటున దాచే సేఫ్టీకి, కుషన్ల మీదుగా బంతిని తిప్పి ఆ చాటు నుంచి బయటపడే విద్యకు ఎక్కడలేని విలువ వచ్చింది.

ఆ విద్యలో ఫిలిప్పీన్స్ ఆటగాడు ఎఫ్రెన్ రేయెస్‌ను మించినవారు లేరు. 1954లో పంపాంగా ప్రాంతంలో పుట్టిన రేయెస్, తన దేశంలో బాగా ఆడే రొటేషన్ ఆటతో రాటుదేలాడు. అందులో 15 బంతులను అంకెల వరసలో ఆడాలి. బంతి మీది అంకే దాని పాయింట్లు. మొత్తం 120లో 61 వస్తే గెలుపు. 1995లో నెవాడాలోని రీనోలో ఎర్ల్ స్ట్రిక్‌లాండ్‌తో ఫైనల్ 12–12 దగ్గర నిలిచింది. ఇంకొక్క ర్యాక్ ఎవరిదైతే టైటిల్ వారిది. స్ట్రిక్‌లాండ్ సేఫ్టీ ఆడి అయిదో బంతికి దారి మూసేశాడు. అయిదును తాకితే చాలు అనుకునే పరిస్థితి అది. రేయెస్ తెల్ల బంతిని ఒక పొడుగు కుషన్‌కు, అక్కడి నుంచి ఎదుటి కుషన్‌కు కొట్టి, అది తిరిగి వచ్చే దారిలో అయిదో బంతిని పాకెట్లో వేశాడు. తెల్ల బంతి ఆరో బంతికి అనువైన చోట ఆగింది. మిగతావి వరసగా వేసి గెలిచాడు. మరుసటి ఏడు హాంకాంగ్‌లో ఇదే ఇద్దరూ ముందుగా 120 ర్యాకులు గెలిచినవారికి లక్ష డాలర్లు అనే పోటీలో తలపడ్డారు. రేయెస్ 120–117తో నెగ్గాడు. ఎత్తైన నైపుణ్యాల మధ్య తేడా ఎంత సన్ననిదో ఆ స్కోరే చెబుతుంది.

మనస్సాక్షికి వదిలిన నియమాలు

పెద్ద మ్యాచ్‌లకు రిఫరీ ఉంటాడు. తొలి రౌండ్లలో పక్కపక్కనే ఎన్నో టేబుళ్ల మీద ఆట సాగుతున్నప్పుడు చాలా చోట్ల ఉండడు. అప్పుడు తన ఫౌల్‌ను తానే ఒప్పుకోవడం ఆటగాడి బాధ్యత.

తెల్ల బంతికి, కొట్టాల్సిన బంతికి మధ్య సన్నని సందు ఉందనుకోండి. సూటిగా కొడితే క్యూ కొన తెల్ల బంతిని రెండుసార్లు తాకే ప్రమాదం ఉంది. అది ఫౌల్. రెండు తాకిళ్లూ రెప్పపాటులో జరిగిపోతాయి కాబట్టి కంటికి తెలియవు. సరిగా కొడితే తెల్ల బంతి ఒక్క క్షణం వెనకబడాలి. రెండు బంతులూ ఒకే వేగంతో జంటగా ముందుకు పరుగెత్తితే ఫౌల్ జరిగినట్టే. ఇలాంటి దెబ్బకు ముందు ప్రత్యర్థి లేచి, మూడో మనిషిని చూడమని అడగడం మర్యాద. అది అనుమానించడం కాదు, గొడవను ముందే నివారించడం. ఎవరూ చూడకుండా దెబ్బ పడిపోయి వివాదం వస్తే, సాధారణంగా కొట్టిన ఆటగాడి మాటే చెల్లుతుంది. అంటే ఆట అతని నిజాయతీని నమ్ముతోంది.

కొన్ని నియమాలు ప్రత్యర్థి మీదా బాధ్యత పెడతాయి. నైన్‌బాల్‌లో వరుసగా మూడు ఫౌళ్లు చేస్తే ర్యాక్ పోతుంది. కానీ రెండో ఫౌల్ తర్వాత ప్రత్యర్థో రిఫరీయో ఆ సంగతి చెప్పి హెచ్చరించాలి. ఎదుటివాడు మరిచిపోయాడు కదా అని మౌనంగా ఉండి లాభపడటం కుదరదు. నిర్ణాయక ర్యాక్‌లో ప్రత్యర్థి ఆడుతుండగా తన క్యూను మరతిప్పి విప్పేస్తే ఓటమి ఒప్పుకున్నట్టే. ఎదుటివాడు కొట్టే వేళ కదలడం, మాట్లాడటం, అతని చూపుకు అడ్డుగా నిలబడటం క్రీడాస్ఫూర్తికి విరుద్ధం.

బంతులు పేర్చడం మీద కూడా చాలాకాలం తగాదాలు నడిచాయి. బంతుల మధ్య కనీకనిపించని ఖాళీ వదిలితే బ్రేక్ ఫలితం మారిపోతుంది. పలుచని అచ్చు మీద పేర్చడం, రిఫరీతో పేర్పించడం, బ్రేక్‌లో కనీసం మూడు బంతులు పాకెట్లో పడటమో నిర్ణీత గీత దాటడమో జరగాలని కోరడం ఆ తగాదాలకు దొరికిన పరిష్కారాలు.

ప్రపంచ టోర్నమెంట్లు

ప్రపంచ పూల్ సంఘం 1987లో ఏర్పడింది. తొలి ప్రపంచ నైన్‌బాల్ టోర్నమెంట్ 1990లో జర్మనీలో జరిగింది. స్ట్రిక్‌లాండ్ గెలిచాడు. 1994లో ఐరోపా, అమెరికా జట్ల మధ్య మొస్కోనీ కప్ మొదలైంది. అక్కడ ప్రేక్షకుల కేకలు ఆటలో భాగం, దెబ్బకు సమయ పరిమితి ఉంటుంది. నిశ్శబ్దంలో ఆడటానికి అలవాటుపడినవారికి అది వేరే రకం పరీక్ష. 1998 నుంచి 2010 దాకా ఆసియా క్రీడల్లోనూ పూల్‌కు చోటు దక్కింది. 2005లో తైవాన్ కుర్రాడు వు జియా చింగ్ పదహారేళ్లకే నైన్‌బాల్, ఎయిట్‌బాల్ ప్రపంచ టైటిళ్లు రెండూ గెలిచాడు.

2002లో కార్డిఫ్‌లో జరిగిన ప్రపంచ టోర్నమెంట్ గెలుపోటములకు అతీతంగా గుర్తుండిపోయింది. ఫిలిప్పీన్స్ ఆటగాడు ఫ్రాన్సిస్కో బుస్తమాంతేకు, పోటీ జరుగుతుండగానే తన పసిబిడ్డ చనిపోయిందన్న కబురు వచ్చింది. అంత దుఃఖంలోనూ ఆట కొనసాగించి ఫైనల్ చేరాడు. అక్కడ స్ట్రిక్‌లాండ్ చేతిలో 17–15తో ఓడాడు. ఎనిమిదేళ్ల తర్వాత, 2010లో, ఖతార్ రాజధాని దోహాలో అదే టైటిల్ గెలిచాడు. పూల్ ఆటగాళ్లలో స్థైర్యం గురించి మాట వస్తే బుస్తమాంతే పేరు ముందుగా చెప్పుకోవలసినది.

2022లో, పుట్టుకతోనే వినికిడి లోపం ఉన్న అమెరికన్ షేన్ వాన్ బోనింగ్ ప్రపంచ టైటిల్ గెలిచాడు. 2024లో సౌదీ అరేబియాలోని జెడ్డాలో ఫెదర్ గోర్స్ట్ అదే టైటిల్ ఫైనల్‌ను 15–14తో నెగ్గి 2,50,000 డాలర్లు అందుకున్నాడు. బహుమతి సొమ్ము పెరిగే కొద్దీ కెమెరాలు, రిఫరీలు, సమయ గడియారాలు కూడా పెరుగుతున్నాయి. ఇవన్నీ అవసరమే. కానీ పూల్ ఆడేవారిలో అత్యధికులు ఇప్పటికీ రిఫరీ లేని టేబుళ్ల మీదే ఆడతారు. అక్కడ ఆటను నిలబెట్టేది తన ఫౌల్ తానే చెప్పుకునే అలవాటు. కొత్తగా క్యూ పట్టినవారికి బ్రేక్, సేఫ్టీలతో పాటు మొదటి రోజు నుంచే నేర్పవలసిన పాఠం అది.